మూడుసార్లు హెచ్చరించామని రాసిన కాగితం

సంచి

మీరు డిప్యూటీ తహశీల్దారుగా చేరిన ఏడాదిలోపే ఎవరో ఒకరు మీ చేతికి ఒక సంచి ఇస్తారు. అందులో గుండ్రటి ఆఫీసు సీలు, సిరా ప్యాడు, రెండు పెన్నులు, కొన్ని తెల్ల కాగితాలు ఉంటాయి. ఎక్కడ ధర్నా జరిగినా, రాస్తారోకో జరిగినా, రెండు వర్గాలు కొట్టుకున్నా పోలీసులతో పాటు మిమ్మల్నీ పంపిస్తారు. మన రెవెన్యూ శాఖవాడికి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు అని ఇంకో పేరు ఉంది కదా. గుంపును చెదరగొట్టాలన్నా, లాఠీ ఎత్తాలన్నా, అంతదాకా రాకూడదు గానీ తుపాకీ పేల్చాలన్నా, మెజిస్ట్రేటు అక్కడే నిలబడి హెచ్చరించి, రాతలో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ రాత కోసమే ఈ సంచి.

నేను ఏ ఏడాది ఏ మండలానికి బదిలీ అయ్యానో, ఏ కలెక్టరు గారు నన్ను మెచ్చుకున్నారో రాయబోవడం లేదు. పదవి దిగిపోయే రోజు శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. వాటిలో సగం అబద్ధాలని నాకు తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు. ఇప్పుడు కొత్తగా శాఖలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, సార్ మీ అనుభవం చెప్పండి అని అడుగుతుంటారు. భూముల సర్వే గురించో, ప్రొటోకాల్ గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క కాగితం గురించే. అది చెప్పకుండా మిగతాది ఎంత చెప్పినా వంకర మాటే అవుతుంది.

పీపా మీద కూర్చున్న మనిషి

నా మొదటి పై అధికారి జగన్నాథరావు గారు. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం పెద్దది. ఆయన దగ్గరే సంచి అలవాటయింది. నేను చేరిన కొత్తల్లో ఒకరోజు బందోబస్తుకు బయలుదేరుతుంటే ఆయన ఐదారు తెల్ల కాగితాలు తీసి, అడుగున సంతకాలు పెట్టి, సీళ్ళు కొట్టి సంచిలో పడేశారు. పైన అంతా ఖాళీ.

"సార్, రాయకుండా సంతకం ఏమిటి సార్?" అన్నాను.

"ఓరి నీ అసాద్యం కూలా! ఎండలో నిలబడి జీపు బానెట్టు మీద ఎవడు రాత్తాడ్రా? సంతకవెట్టి ఉంచుకో. పనైనాక గుమస్తా రాసుకుంటాడు" అన్నారు.

అది తప్పని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. జిల్లాలో అందరూ అలాగే చేసేవారు, అందుకని తప్పులా కనిపించేది కాదు.

అదే జగన్నాథరావు గారిని ఆటోనగర్‌లో చూశాను. ఒక చిన్న ఫ్యాక్టరీలో కూలీలను తీసేశారు. వాళ్ళు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. ఎదురుగా పోలీసులు హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. రెండు వైపులా బూతులు నడుస్తున్నాయి. ఈయన జీపు దిగి, ఎక్కడిదో ఖాళీ నూనె పీపా దొర్లించుకొచ్చి, సరిగ్గా రెండు గుంపుల మధ్య బోర్లించి, దాని మీద కూర్చున్నారు. జేబులోంచి వేరుశనక్కాయలు తీసి ఒలుచుకు తినడం మొదలెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, సార్ మీరు పక్కకు జరగండి అన్నాడు.

"నాను జరగను. నాను జరిగితే నువ్వు ఏదో సేసీస్తావు. కూకో, నువ్వూ రెండు తిను."

మూడు గంటలు అలాగే కూర్చున్నారు. కూలీల్లో ఒక ముసలాయన నవ్వేశాడు. ఆ నవ్వుతో మాటలు మొదలయ్యాయి. సాయంత్రానికి గేటు తెరుచుకుంది. సంచిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి.

ఆయన ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేవారు గానీ, ఆయన ఎప్పుడూ అక్కడ ఉండేవారు. ఆ మనిషి దగ్గర నేను సంచి పట్టుకోవడం నేర్చుకున్నాను. పీపా మీద కూర్చోవడం నేర్చుకోలేదు. ఎండ, తిట్లు, రాళ్ళు, ఎందుకొచ్చిన గొడవ అనిపించేది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

పడవలు రోడ్డెక్కిన రోజు

నేను తహశీల్దారుగా ఉన్న మండలంలో ఒక మత్స్యకారుల ఊరుంది. పేరు రాయను. ఆ ఊరి పక్కన ఒక కంపెనీ తన వ్యర్థ జలాలను సముద్రంలోకి వదలడానికి గొట్టం వేస్తోంది. వేస్తూ వేస్తూ ఉండగానే వలల్లో నల్లటి జిగురు తగలడం మొదలయిందని ఊరు ఊరంతా గోల. అర్జీలు ఇచ్చారు. మా ఆఫీసులోనే ఇచ్చారు. నేను వాటిని పైకి పంపాను, పైవాళ్ళు కిందకి పంపారు. ఏడాది గడిచింది. అప్పుడు వాళ్ళు తెప్పలనూ పడవలనూ ఒడ్డు మీంచి లాక్కొచ్చి రోడ్డుకు అడ్డంగా పెట్టారు. పక్క ఊళ్ళూ కలిశాయి. తీరం పొడవునా అదే పని. పేపర్లలో తిరుగుబాటు అని రాశారు. మూడు వారాలు గొట్టం లారీ ఒక్కటి కదల్లేదు.

పడవలు తీయించమని పైనుంచి మాట వచ్చింది. ఆ రోజు ఉదయం ఊరి బయట సర్కిల్ ఇన్‌స్పెక్టరు నన్ను కలిశాడు. చాలా మర్యాదస్తుడు.

"సార్, మీరెందుకు సార్ ఈ ఎండలో? ఆనందపురం జంక్షన్‌లో కూర్చోండి. టిఫిన్ చేయండి. అవసరమైతే నేనే ఫోన్ చేస్తా. ఓ రెండు కాగితాలు మాత్రం ఇచ్చెళ్ళండి సార్, ఎందుకైనా మంచిది."

ఇచ్చాను. సంచిలోంచి తీసి, సంతకాలూ సీళ్ళూ ఉన్న రెండు ఖాళీ కాగితాలు అతని చేతిలో పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, అమ్మయ్య అనుకున్నాను.

మా జీపు డ్రైవరు సింహాచలం బండి తిప్పకుండా కూర్చున్నాడు.

"ఏం?" అన్నాను.

"మనం ఇక్కడే ఉందాం సార్. మనం ఉంటే ఆల్లు కొంచెం బయపడతారు."

"ఎవరు, ఊరివాళ్ళా?"

"ఊరోల్లు కాదు సార్. పోలీసోల్లు."

జీపు నడిపేవాడికి తెలిసిన సంగతి అది. మెజిస్ట్రేటు ఉన్నాడంటే, చేసిన ప్రతి పనికీ పక్కన ఒక సాక్షి ఉన్నట్టు. నేను అతన్ని కసురుకున్నాను. బండి తిప్పాడు.

పదకొండున్నరకు నేను ఆనందపురంలో హోటల్లో పూరీ తింటున్నాను. బంగాళాదుంప కూర ఇంకొంచెం వేయమన్నాను కూడా. అప్పుడు ఫోన్ మోగింది. "సార్, ఫైరింగ్ అయిపోయింది. ఒకడు పోయాడు. తొందరగా రండి."

తరువాత నాకు తెలిసింది ఇది. పోలీసులు పడవలకు తాడు కట్టి జీపుతో లాగారు. ఒక కొత్త పడవ, ముక్కుకు పసుపు కుంకుమ ఆరని పడవ. ఒక కానిస్టేబులు బూట్లతో దాన్నెక్కి తాడు ముడి వేశాడు. చెప్పులేసుకుని పడవ ఎక్కడం ఆ ఊళ్ళో చంటిపిల్లలు కూడా చేయరు. ఆడవాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టారు, రాళ్ళు లేచాయి. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. కళ్ళంలోకి చెప్పులతో వెళితే మా నాన్న వీపు పగలగొట్టేవాడు. నేను అక్కడ ఉండి ఉంటే, ఆ కానిస్టేబుల్ని కిందికి దిగమని ఒక్క మాట అనేవాణ్ణేమో. అనేవాణ్ణో లేదో కూడా నాకు నమ్మకం లేదు.

చనిపోయినవాడు నూకరాజు. ఆ గొడవలో లేడు. తన పడవ పక్కన పోలీసుల వైపు వీపు పెట్టి, జారిపోతున్న తాడు పట్టుకుని కూర్చున్నాడు. గుండు వీపులోంచి వెళ్ళింది.

కాగితం నిండింది

మధ్యాహ్నం మూడింటికి పోలీస్ స్టేషన్‌లో నా కాగితం నా ముందుకు వచ్చింది. సంతకం నాది, సీలు నాది. పైన ఖాళీ ఉన్నచోట ఇప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలు. "గుంపును నేను స్వయంగా మైకులో మూడుసార్లు హెచ్చరించాను. వారు పెడచెవిన పెట్టి ప్రాణహానికి దిగినందున, గత్యంతరం లేక కాల్పులకు ఉత్తర్వు ఇచ్చితిని." కింద టైము, పదకొండు గంటల పది నిమిషాలు.

"నేను అక్కడ లేను కదయ్యా" అన్నాను.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "లేరని రాస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది సార్. తర్వాత మాది. ఉన్నారంటే ఎవరికీ ఏమీ కాదు."

"హెచ్చరిక అయినా ఎవరైనా చేశారా?"

"పొద్దున రోడ్డు ఖాళీ చెయ్యమని జీపు మైకులో అన్నాం కదా సార్. కాల్చే ముందు టైమెక్కడిది?"

ఆ కాగితాన్ని రెండు ముక్కలు చేయడానికి ఎంత సేపు పడుతుంది? చేయలేదు. అందులో ఒకచోట కొట్టివేత ఉంటే, దాని పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాను. మిమ్మల్ని ఎవరో మెడ మీద కత్తి పెట్టి తప్పు చేయిస్తారని అనుకోకండి. టీ ఇచ్చి చేయిస్తారు. నాకూ టీ ఇచ్చారు, తాగాను.

జీపు లాగ్‌బుక్కు ఒకటి మిగిలింది. అందులో సింహాచలం ఆనందపురం అని రాసేశాడు. దాన్ని మార్చమన్నాను.

"నాను మార్చను సార్" అన్నాడు.

"మార్చకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెల్దు సార్. మీకు కావాలంటే మీరే రాసుకోండి. నా సేత్తో నాను రాయను."

నేనే రాశాను. పేజీ చింపి, కొత్త పేజీ మీద అతని రాతలా రాశాను. నెల తిరక్కుండా అతను వేరే ఆఫీసుకు బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నమస్కారం పెట్టాడు. కోపంగా చూసినా బాగుండేది.

ఒక్క మాట

ఇంతవరకు చెప్పినదాన్ని పిరికితనం అనుకోండి. ఇప్పుడు చెప్పబోయేదానికి నా దగ్గర పేరు లేదు.

పెద్దకర్మ అయిన రెండు మూడు రోజులకు ప్రభుత్వం తరఫున బియ్యం పంపించారు. పంచడానికి నేను వెళ్ళాలి. నూకరాజు ఇల్లు ఊరి చివర, ఇసకలోకి దిగే చోట ఉంది. భార్య పైడమ్మ అరుగు మీద ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. సన్నటి మనిషి, గట్టి చేతులు. నన్ను చూసి లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బాబూ, ఆ పెద్ద ఆపీసరు తవరేనా?"

"అవునమ్మా."

"ఆ దినం నాను ఊర్లో లేను బాబూ. పిషింగ్ హార్బరుకి సేపలమ్మకానికి ఎల్పోనాను. అందరూ తలో మాటా సెప్తన్నారు. మా మరిది ఎల్లాజీ అయితే ఎవులూ ఏటీ సెప్పనేదు, తటాలున కాల్సీసేరంటాడు. ఆడి మీద కేసెట్టేరు గదా, అందుకనీసి అలగ సెప్తన్నాడేమో అనుకున్నాను. పేపర్లో మైకులో మూడు సార్లు సెప్పేరని రాసేరంట. నిజవేనా బాబూ?"

నేను బియ్యం బస్తాల వైపు చూశాను. ఆమే మళ్ళీ అంది.

"ఎందుకడుగుతన్నానంటే, మా మావకి సెవులు ఇనపడవు. పదేల్లు బోటు ఇంజను పక్కన పనిసేసేడు. ఎనకనుండి పిలిస్తే పలకడు. బుజం తట్టి సెప్పాల. నాను పక్కనుంటే నానే తట్టీదాన్ని. మైకులో సెప్పేరా బాబూ?"

ఆమె అడిగింది ఒక్కటే. సాయం అడగలేదు, నన్ను దోషి అనలేదు. తన మొగుడు ఎందుకు చచ్చిపోయాడో తెలుసుకోవాలనుకుంది. నా వెనకాల ఒక పోలీసాయన, ఇద్దరు విలేకరులు, మా ఆఫీసు వాళ్ళు నిలబడ్డారు.

"చెప్పామమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "అయితే ఆడికి ఇనపడుండదు" అంది. కిందికి కూర్చుని మళ్ళీ నెత్తళ్ళు ఏరడం మొదలెట్టింది. నేను బియ్యం బస్తాల లెక్క సరిచూసుకుని జీపెక్కాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం అలవాటు వల్ల జరిగింది. తప్పుడు కాగితాన్ని ఒప్పుకోవడం భయం వల్ల జరిగింది. పైడమ్మకు ఆ మాట ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. "తెలియదమ్మా" అని ఉన్నా సరిపోయేది.

గెలిచిన ఉద్యమం

తరువాత ఏమయిందంటే, అంతా బాగానే అయింది. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, గొట్టం పని రద్దయింది. నాయకులు ఊళ్ళోకి వచ్చి దండలు వేయించుకున్నారు. బాధ్యులను వదలం అని మైకులు పగిలేలా చెప్పారు. విచారణ వేశారు. ఆర్డీవో గారు అడిగారు, నేను కాగితం చూపించాను. ఆయన కాగితం చూసి, అంతా సక్రమంగా ఉంది అని రాశారు. హక్కుల సంఘం నుంచి ఇద్దరు లాయర్లు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి చాలా ఓపికగా, మీరు నిలబడిన చోటు ఒకసారి చూపిస్తారా అని అడిగింది. "రికార్డులో ఉందమ్మా, చూసుకోండి" అన్నాను. ఈ వాక్యం మీరు కూడా నేర్చుకుంటారు. చాలా సుఖమైన వాక్యం. దయచేసి వాడకండి.

నూకరాజు చావుకు ఒక్క అధికారి మీద కూడా చర్య లేదు. కేసు మాత్రం ఊరివాళ్ళ మీద మిగిలింది. మొదటి ముద్దాయి ఎల్లాజీ. తెడ్డుతో కానిస్టేబుల్ మీద హత్యాయత్నం చేశాడని. చెదిరిపోమని మెజిస్ట్రేటు మూడుసార్లు చెప్పినా వినలేదన్నదే ఆ కేసుకు వెన్నెముక. అంటే నా కాగితం. ఆ కుర్రాడు అన్నను పోగొట్టుకున్నాడు, వాయిదా వాయిదాకూ వేట మానుకుని కోర్టు చుట్టూ తిరిగాడు. ఓడలో పనికి వెళదామంటే పోలీసు సర్టిఫికెట్టు ఇవ్వలేదు.

ఇవన్నీ నాకు తెలుసు. ఊరివాళ్ళు కనబడకుండా నేను బీచ్‌రోడ్డు వదిలేసి హైవే మీంచి తిరిగేవాణ్ణి. ఇంట్లోకి చేప తేవడం మా ఆవిడ మానేసింది. ఏమిటని అడిగితే, "నువ్వు తినేటప్పుడు నీ మొకం సూడ్లేకపోతన్నాను" అంది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు, అయినా తెలుసు.

సాక్షి బోను

నేను దిగిపోయిన తరువాత సమన్లు వచ్చాయి. సెషన్స్ కోర్టులో సాక్ష్యం. అప్పటి సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. బుట్టెడు పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"కాగితంలో ఉన్నది చెప్పండి సార్, చాలు. పది నిమిషాల పని."

సరే అన్నాను. నిజంగానే అలాగే చెప్పాలనుకున్నాను. నన్ను ధైర్యవంతుడని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను. కోర్టు మెట్లెక్కేదాకా నా నోట్లో ఆ కాగితమే ఉంది.

వరండాలో పైడమ్మ కనబడింది. జుట్టు నెరిసిపోయింది. ఎల్లాజీ దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె గబగబా నా దగ్గరకు వచ్చింది.

"బాబూ, గుర్తున్నానా? ఆ దినం తవరు ఉన్నమాట సెప్పేరు. ఇయ్యాల జడ్జీగోరికి కూడా ఒక్క మాట సెప్పండి బాబూ. మా మావ మాట ఇననోడు కాదు. గవర్నమెంటు మాటకి ఎదురు తిరిగినోడూ కాదు. ఆడికి ఇనపడనేదు, అంతే. మూడుసార్లు సెప్పినా ఇనపడనేదు. తవరు సెప్తే జడ్జీగోరు నమ్ముతారు. ఆడి పేరు మీద ఆ మచ్చ ఉండిపోనాది బాబూ."

నా చేతిలో ఫైలు కింద పడింది. ఆమే వంగి తీసి ఇచ్చింది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన అబద్ధాన్ని ఆమె నిజమని మోసింది. దాన్ని సాక్ష్యం చెప్పమని నన్నే బతిమాలుతోంది. సిగ్గు అనే మాట పుస్తకాల్లో చదవడమే గానీ, ఒంట్లోకి దిగుతుందని నాకు తెలియదు.

బోనెక్కాను. పబ్లిక్ ప్రాసిక్యూటరు కాగితం చూపించాడు. సంతకం మీదేనా? నాదే. సీలు? మాదే.

"గుంపును మూడుసార్లు మైకులో హెచ్చరించారు కదా?"

"లేదండి."

ఆయన వినలేదనుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?"

"తెలుసండి. నేను హెచ్చరించలేదు. కాల్చమని ఉత్తర్వూ ఇవ్వలేదు. ఖాళీ కాగితం మీద ముందే సంతకం పెట్టి ఇచ్చాను. రాసింది తరువాత."

"ఆ టైముకు మీరు ఎక్కడున్నారు?"

"ఆనందపురంలో అండి. హోటల్లో పూరీ తింటున్నాను."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు స్టెనోకు చెప్పారు, సాక్షి ఆ సమయంలో అల్పాహారం తీసుకుంటున్నట్టు చెప్పెను అని. టైపు చప్పుడు వింటూ నిలబడ్డాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నా గురించి రాసిన నిజమైన వాక్యం అదొక్కటే.

నన్ను ఎదురుతిరిగిన సాక్షి అన్నారు. గంటసేపు చెడుగుడు ఆడుకున్నారు. ఊరివాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నావని అడిగారు. మొన్నటిదాకా నా ఇంటికి పళ్ళు తెచ్చినవాళ్ళే.

తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. ఎల్లాజీ మీద, మిగతావాళ్ళ మీద కేసు కొట్టేశారు. నా మీద విచారణ మొదలయింది. జరగాల్సిందే. కాల్చమన్నది ఎవరు అంటే మాత్రం ఇప్పుడు ఏ కాగితంలోనూ జవాబు లేదు. ఇన్నాళ్ళూ నా పేరైనా ఉండేది. నా నిజం ఒక నిర్దోషిని విడిపించింది, ఒక తుపాకీని కూడా విడిపించింది. ఆ రోజే, అదే స్టేషన్‌లో, ఆ కాగితం చింపి లేనని రాసి ఉంటే, ఉత్తర్వు లేకుండా ఎందుకు కాల్చావని అడగడానికి సాక్షులూ దొరికేవారు, గుండ్ల లెక్కా దొరికేది. ఆలస్యంగా చెప్పిన నిజానికి ఇంతే బలం ఉంటుంది. మీరు మాత్రం సంతకం పెట్టే ముందు కాగితంలో ఏముందో చూడండి. దానికంటే ముందు, అక్కడ ఉండండి. రాళ్ళు పడతాయి, పడనివ్వండి.

ఇక ఆ రోజు కోర్టు ఆవరణలో జరిగింది చెప్పి ముగిస్తాను.

నేను కిందికి దిగేసరికి పైడమ్మ చెట్టు కింద నిలబడి ఉంది. లోపల ఆఖరి బెంచీలో కూర్చుంది గానీ, ఫ్యాన్ల చప్పుడులో, ఆ ఇంగ్లీషూ తెలుగూ కలిసిన మాటల్లో ఆమెకేమీ అందలేదు. ఎల్లాజీకి అందింది. అతను నా దగ్గరగా వచ్చి ఆగాడు.

"ఇన్నేల్లు ఏటి సేసేవు?" అన్నాడు. నా వయసులో సగం ఉండడు. గారూ లేదు, అండీ లేదు. నాకు తగిన పిలుపే అది.

పైడమ్మ అడ్డొచ్చింది. "నువ్వుండరా. బాబూ, సెప్పేరా? ఆడికి ఇనపడదనీసి సెప్పేరా?"

ఇక్కడ తప్పించుకోవచ్చు. చెప్పానమ్మా అనొచ్చు. అలవాటైన మాటే.

"అమ్మా, మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను ఆ రోజు మీ ఊళ్ళోనే లేను. ఆ కాగితం అబద్ధం. నీతో అన్న మాట కూడా అబద్ధం."

"మూడుసార్లు..."

"ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా. చెవులు బాగున్నవాళ్ళకు కూడా ఏమీ వినపడలేదు. చెబితే కదా."

కొడుతుందని అనుకున్నాను. కొడితే నిలబడదామనుకున్నాను. ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. నాతో కాదు, తనలో తను అన్నట్టుగా అంది.

"ఏడాదికోపాలి ఆడి దినం నాడు కూడెట్టి తిట్టేదాన్ని. మూడుసార్లు సెప్తే ఒక్కపాలీ ఇనపడనేదేటిరా సెవిటోడా, పక్కోల్లు లేసి పరిగెడతంటే సూసుకోవద్దా, నన్నొగ్గేసి ఎల్పోనావు గదరా అనీసి. ప్రెతీ ఏడాదీ తిట్టేను. ఊరకే తిట్టేను."

నేను చేతులు జోడించాను. ఆమె ఆ చేతుల వైపు చూడలేదు. ఎల్లాజీ భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు నడిచింది.

"ఇంటికెల్దాం రా, ఎల్లాజీ. మీ అన్నకి సెప్పాల."